కర్రు, కత్తి - వాక్యం చెప్పిందెంత, మనం చెప్పించిందెంత

మా వైపు భూగోళం గురించి ముందు రెండు ముక్కలు చెప్పాలి. లేకపోతే తర్వాత చెప్పబోయేదంతా గాల్లో మాటల్లా ఉంటుంది.

పటాన్‌చెరు దగ్గర భానూర్‌లో భారత్ డైనమిక్స్ వాళ్ళ ఫ్యాక్టరీ ఉంది. బీడీఎల్ అంటే ఇక్కడ చిన్నపిల్లాడిక్కూడా తెలుసు. ట్యాంకుల్ని పేల్చే క్షిపణులు తయారయ్యేది అందులోనే. ఇంకో పక్క ఎద్దుమైలారంలో 1984లో మొదలైన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ. సైన్యం వాడే శరత్ యుద్ధ వాహనాలు అక్కణ్ణించే వస్తాయి. ఇక పటాన్‌చెరు హైవే మీదికొస్తే ఇక్రిశాట్. 1972 నుంచీ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మీద పరిశోధన చేస్తున్న అంతర్జాతీయ సంస్థ. వాన సరిగా పడని దేశాల్లో బీదరైతు నాలుగు గింజలు ఎక్కువ పండించుకోవాలన్నది వాళ్ళ గోల. ఈ మూడింట్లో ఎక్కణ్ణించి బయల్దేరినా మిగతా రెండూ బండి మీద ఎంతోసేపు పట్టవు.

అంటే ఏమిటన్నమాట? ఒకే బెల్టులో ఒక పక్క కత్తి, ఒక పక్క నాగలి. రెండు చోట్లా పనిచేసేవాళ్ళు ఒకే సంతలో కూరగాయలు కొంటారు. వాళ్ళలో కొందరు ఆదివారం ఒకే చర్చిలో పక్కపక్కనే కూర్చుంటారు.

ఇక అసలు విషయం. మా బంధువుల్లో ఓ కుర్రాడున్నాడు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చేశాడు. వాళ్ళ నాన్న పనిచేసిన కంపెనీ మూతపడి రెండేళ్ళు దాటింది. క్షిపణుల ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌కి అప్లై చేద్దామా అని ఇంట్లో అనుకుంటున్నారు. ఓరోజు కుటుంబ ప్రార్థన అయ్యాక టీ తాగుతూ ఈ మాట బయటికొచ్చింది. అంతే! వాళ్ళ పెద్దనాయన అందుకున్నాడు. "ఖడ్గాలు సాగగొట్టి నాగళ్ళు చేసుకోమని యెషయా చెప్తే, మనం ఖడ్గాలు చేసే పనికి పోతామా?" అని. మేనమామ ఊరుకుంటాడా? "ప్రభుత్వం ఊరికే కత్తి పట్టుకోలేదు, రోమా పత్రిక పదమూడో అధ్యాయం తీసి చూడు బావా" అన్నాడు. అక్కణ్ణించి గంటసేపు వాక్యాలే వాక్యాలు. నలుగురి చేతుల్లో నాలుగు బైబిళ్ళు. వచ్చిన అయ్యగారు ఇబ్బందిగా నవ్వుతూ టీ చల్లార్చుకుంటున్నారు. కుర్రాణ్ణి మాత్రం నీకేమనిపిస్తోందిరా అని ఒక్కరూ అడగలేదు.

తర్వాత వాడు నాతో గేటు దాకా వచ్చి అన్నమాట ఇది. "బావా, ఇద్దరూ దేవుడు ఇదే చెప్పాడంటున్నారు. వాళ్ళు అర్థం చేసుకున్నది తప్పయితే మా ఇంట్లో కరెంటు బిల్లు ఎవరు కడతారు?"

నా మటుకు నాకు ఇది గంటసేపు జరిగిన వాక్య పరిచర్య కన్నా లోతైన ప్రశ్న అనిపించింది. దాని గురించే ఈ గొడవంతా.

ముందు ఆ వాక్యాల సంగతి చూద్దాం. ఖడ్గాలు నాగళ్ళయ్యే చిత్రం యెషయా రెండో అధ్యాయంలో ఉంది. దాదాపు అవే మాటలు మీకా నాలుగో అధ్యాయంలోనూ ఉన్నాయి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కానీ యోవేలు మూడో అధ్యాయం పదో వచనం తీస్తే దీనికి సరిగ్గా తలకిందుల మాట కనిపిస్తుంది. నాగలి ఇనుము కొట్టి కత్తులు చేసుకోమంటుంది అది. ఒకే పుస్తకాల కట్టలో ఈ మాటా ఉంది, ఆ మాటా ఉంది.

ఇక్కడ మన వృత్తిలోవాళ్ళకి నచ్చే చిన్న సంగతొకటి. హీబ్రూలో నాగలి ఇనుముకి యెషయా వాడిన మాట, యోవేలు వాడిన మాట ఒక్కటే. కొమ్మలు నరికే కత్తికీ అంతే. అంటే ఒకటి రెండోదాన్ని ఎరిగి తిరగేసిందని వినేవాడికి చెవిలోనే తెలిసిపోతుంది. మరి తెలుగులో ఎక్కువమంది ఇళ్ళల్లో ఉండే పాత అనువాదం చూడండి. యెషయాలో 'నాగటి నక్కులు', యోవేలులో 'కఱ్ఱులు'. ఒకచోట 'మచ్చుకత్తులు', ఇంకోచోట 'పోటకత్తులు'. ఒకే వేరియబుల్‌కి రెండు ఫైళ్ళలో రెండు పేర్లు పెట్టినట్టు! వెతికితే ఒకటి దొరుకుతుంది, రెండోది దొరకదు. అనువాదకుల్ని తప్పు పట్టడానికి చెప్పడం లేదు. కఱ్ఱు అన్న మాట తెలంగాణ రైతుకి నక్కు కన్నా బాగా తెలుసు, ఆ విధంగా అది మంచి మాటే. నేననేది ఏమిటంటే, తెలుగు బైబిలు తెరిచిన క్షణానికే మనకన్నా ముందు ఎవరో కూర్చుని బోలెడన్ని నిర్ణయాలు తీసుకున్నారు. "నేను ఉన్నదున్నట్టు చదువుతున్నానండీ, అర్థాలు తీయడం లేదు" అనేవాళ్ళు చదివేది కూడా ఒకరు తీసిన అర్థాన్నే.

ఇంకోటి. ఈ అధ్యాయాలూ వచనాల అంకెలూ ప్రవక్తలు వేసినవి కావు. అధ్యాయాల విభజన పదమూడో శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ అనే ఇంగ్లండు మతాధికారి చేసినదని చెబుతారు. కొత్త నిబంధనకి ఇప్పుడు మనం వాడే వచనాల అంకెలు 1551లో రాబర్ట్ ఎటియన్ అనే ముద్రాపకుడు వేసినవి. మనం యోవేలు 3:10 అనేది హీబ్రూ ప్రతుల్లో 4:10. లైన్ నంబర్లు వెతుక్కోవడానికి పనికొస్తాయి. కానీ ఫైల్లోంచి ఒక్క లైను కత్తిరించి, ప్రోగ్రామంతా ఇదే చెబుతోందని మీటింగులో వాదిస్తే మీ టీమ్ లీడు ఊరుకుంటాడా? మరి ప్రార్థన కూటాల్లో ఎందుకు ఊరుకుంటున్నాం?

లైను కాకుండా పేజీ చదివితే ఏం కనిపిస్తుంది? యెషయాలో కత్తులు నాగళ్ళు కావడానికి ముందు ఇంకో మెట్టుంది. దేవుడు జనాల మధ్య తగవు తీర్చడం. ముందు న్యాయం, తర్వాత కత్తి కరగడం. న్యూయార్కులో ఐక్యరాజ్యసమితికి ఎదురుగా యెషయా గోడ అని ఒకటుంది. దాని మీద చెక్కింది కత్తుల భాగమే. తగవు తీర్చే భాగం లేదు. సమితి ఆవరణలో కత్తిని నాగలిగా కొడుతున్న మనిషి విగ్రహం ఉంది చూశారా, అది 1959లో సోవియట్ యూనియన్ బహుమతి. బీడీఎల్ తయారుచేసే కాంకర్స్ క్షిపణీ, ఎద్దుమైలారం యుద్ధ వాహనమూ, రెండూ ఆ సోవియట్ డిజైన్లే! వాక్యాన్ని శిల్పంగా చెక్కించడం తేలిక. ఎవరి కత్తి ముందు కరగాలన్నదగ్గరే అందరికీ పేచీ.

మీకా అయితే యెషయా చెప్పని ఒక మాట కూడా కలిపాడు. ప్రతివాడూ తన ద్రాక్షతీగ కింద, తన అంజూరపు చెట్టు కింద, ఎవరి భయమూ లేకుండా కూర్చుంటాడని. ఆయుధం పోవడం ఒక్కటే చాలదు, భయం కూడా పోవాలి, సొంత చెట్టు నీడ కూడా ఉండాలి. పెద్దనాయన యెషయాని పట్టుకున్నాడు గానీ, మీకాలోని ఆ చెట్టునీడ ఆ కుర్రాడికి ఎవరిస్తారో చెప్పలేదు. మేనమామ రోమా పత్రిక తీశాడు గానీ, దానికి ముందు పన్నెండో అధ్యాయం చివర్లో శత్రువుకి ఆకలేస్తే అన్నం పెట్టమన్న మాట ఉందని చెప్పలేదు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదండీ. సగం సగం చెప్పారు, సంపూర్ణమైన గొంతుతో.

ఈ తగాదా మా ఇంట్లో పుట్టింది కాదు, రెండువేల ఏళ్ళ నాటిది. మూడో శతాబ్దం మొదట్లో తెర్తుల్లియన్ క్రైస్తవుడు సైనికుడిగా ఉండకూడదని రాశాడు. నాలుగు, అయిదు శతాబ్దాల నాటి అగస్టీను కొన్ని షరతుల మీద యుద్ధం న్యాయం కావచ్చన్నాడు. ఇద్దరూ అదే గ్రంథం చదివినవాళ్ళే. లూకా సువార్త మూడో అధ్యాయంలో సైనికులు బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికొచ్చి మేమేం చెయ్యాలని అడుగుతారు. దౌర్జన్యం చెయ్యొద్దు, జీతంతో తృప్తిపడండి అంటాడాయన. రాజీనామా చెయ్యమనలేదు కాబట్టి సైన్యం తప్పుకాదని ఒకరు. ఆయన చెప్పినవి పాటిస్తే ఆనాటి సైన్యంలో ఉండగలరా అని ఇంకొకరు. ఆయన చెప్పని మాట మీద ఇద్దరూ మేడలు కట్టారు.

అంతదూరం ఎందుకు, మన తెలంగాణకే రండి. 1889లో అబ్రహాము ఫ్రీజెన్ దంపతులు రష్యా నుంచి నల్లగొండకి వచ్చారు. వాళ్ళు మెనొనైట్ బ్రదరెన్. బాప్టిస్టు మిషన్‌తో కలిసి పనిచేశారు. మెనొనైట్లంటే ఆయుధం పట్టం, సైన్యంలో చేరం అని పదహారో శతాబ్దం నుంచీ చెబుతూ వచ్చినవాళ్ళు. 1870ల్లో రష్యా ప్రభుత్వం సైనిక సేవ నుంచి వాళ్ళకున్న మినహాయింపు తీసేస్తుంటే వేలమంది ఇళ్ళూ పొలాలూ వదిలి అమెరికా వెళ్ళిపోయారు. ఆరేళ్ళ తర్వాత, 1895లో, చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ సికింద్రాబాదులో దిగాడు. ఆయన మొదట సేవ చేసింది ఎవరికో తెలుసా? తిరుమలగిరిలోని బ్రిటిషు సైనికులకి. తర్వాత మెదక్ వెళ్ళాడు. 1924లో పూర్తయిన మెదక్ కెథడ్రల్ ఆయన కట్టించిందే. 2016 దాకా మా భానూర్ కూడా మెదక్ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా.

ఒకరిది కత్తి ముట్టకూడదన్న సంప్రదాయం. ఇంకొకరిది కత్తి పట్టినవాడికి కూడా పాస్టరు కావాలన్న సంప్రదాయం. ఆరేళ్ళ తేడాతో ఒకే నిజాం రాజ్యంలోకి వచ్చాయి, ఒకే గ్రంథం చంకన పెట్టుకుని. నల్లగొండ, పాలమూరు నుంచి వచ్చిన మెనొనైట్ కుటుంబాలూ, మెదక్ డయాసిస్ కుటుంబాలూ ఇవాళ హైదరాబాదులో ఒకే అపార్టుమెంటులో ఎదురెదురు ఫ్లాట్లలో ఉంటున్నాయి. ఒకరి వాక్యజ్ఞానం తక్కువనీ, రెండోవాళ్ళ భక్తి తక్కువనీ అనడానికి మనమెవరం?

మెనొనైట్ల కథలో ఇంకో మలుపుంది. 1918 తర్వాత అంతర్యుద్ధంలో దక్షిణ రష్యాలోని వాళ్ళ గ్రామాల మీద మఖ్నో దళాలు పడ్డప్పుడు, మూడువందల ఏళ్ళకి పైగా ఆయుధం వద్దన్న ఆ జనంలోనే కొందరు పిల్లల్ని కాపాడుకోడానికి తుపాకులు పట్టారు. పట్టనివాళ్ళూ ఉన్నారు. తర్వాత సంఘంలో దాని మీద పెద్ద చర్చే జరిగింది. సిద్ధాంతం మారలేదు గానీ, భయం వాకిట్లోకొచ్చినప్పుడు సొంత వ్యాఖ్యానం ఎంత బరువో అందరికీ తెలిసొచ్చింది. ఆ బరువు ఎప్పుడూ మొయ్యనివాళ్ళే బల్లగుద్ది మాట్లాడతారేమోనని నా అనుమానం.

రెండో వైపు కూడా చెప్పుకోవాలి. బల్లగుద్దినవాళ్ళలో అందరికన్నా పెద్దవాడు పోపు ఎనిమిదో బొనిఫేస్. ప్రభువు పట్టుబడిన రాత్రి శిష్యులు మా దగ్గర రెండు కత్తులున్నాయంటే, ఆయన చాలు అంటాడు. లూకా ఇరవై రెండో అధ్యాయం. ఆ 'చాలు' అన్నది సరిపోతుందనా, ఇక ఆపండి అని విసుగా? ఇప్పటికీ తేలలేదు. ఆ రాత్రే ఒకడి చెవి తెగితే ఆయన బాగుచేశాడు కూడా. 1302లో బొనిఫేసు గారు ఆ రెండు కత్తుల్లో ఒకటి ఆత్మీయాధికారం, ఒకటి లౌకికాధికారం, రెండూ సంఘం చేతిలోనివే, రాజు తన కత్తిని సంఘం చెప్పినట్టు వాడాలి అని ప్రకటన ఇచ్చేశాడు. జాలర్ల నడుముకున్న రెండు కత్తులు యూరపు రాజుల మీద పెత్తనం అయిపోయాయి! మరుసటి ఏడే ఫ్రాన్సు రాజు మనుషులు ఆయన్ని పట్టి బంధించారు, కొద్ది వారాలకే పోయాడు. దాన్ని దైవశిక్ష అనడానికి నేను సిద్ధంగా లేను. అదీ ఒక వ్యాఖ్యానమే అవుతుంది కదా.

ఇంతకీ వినయం అంటే ఏమిటి? "ఎవరి అర్థం వాళ్ళది, అన్నీ కరెక్టే" అనడమా? నాకలా అనిపించదు. అది బద్ధకం. వంతెన మీద ఎంత బరువు వెళ్ళొచ్చో ఇద్దరు ఇంజనీర్లు రెండు అంకెలు చెబితే రెండూ కరెక్టే అనం. కూర్చుని లెక్క చూస్తాం. అభిప్రాయం లేకపోవడం వినయం కాదు. నా అభిప్రాయం ఎక్కడ మొదలైందో నాకు తెలిసుండటం వినయం. వాక్యం ఇక్కడిదాకా అంది, ఇక్కణ్ణించి నేనంటున్నాను అని గీత గీసి చెప్పగలగడం.

దీనికి తోడు నేను ఇంకో కొలత పెట్టుకున్నాను. ఆ కుర్రాడి కరెంటు బిల్లు ప్రశ్నలోంచి వచ్చిందే. నేను తీసిన అర్థం తప్పయితే, నష్టం ఎవరికి? నాకే అయితే నా నమ్మకం ఎంత గట్టిదైనా పరవాలేదు. 1980లో అమెరికాలో బెరిగన్ సోదరులూ, ఇంకో ఆరుగురూ యెషయా మాటని అక్షరాలా పట్టుకుని అణ్వస్త్రాల భాగాలు తయారయ్యే ఫ్యాక్టరీలోకి సుత్తులతో వెళ్ళి వాటిని కొట్టారు. వాళ్ళ వ్యాఖ్యానంతో మీరు ఏకీభవించకపోవచ్చు, నాకూ సందేహాలున్నాయి. కానీ కేసులూ, జైలూ వాళ్ళే మోశారు, పక్కింటి పిల్లాణ్ణి మొయ్యమనలేదు. అర్థం నాది, ఖర్చు ఇంకొకడిది అయినప్పుడు మాత్రం నా గొంతు తగ్గాలి. పెన్షన్ తీసుకుంటూ కుర్రాడి ఉద్యోగం వద్దనే వాక్యానికీ, సరిహద్దుకి తన పిల్లల్ని పంపకుండా కత్తిని సమర్థించే వాక్యానికీ, రెంటికీ ఇదే మాట. మందులు మానేసి ప్రార్థన చేసుకోమని రోగికి చెప్పేవాళ్ళకీ, ఆడవాళ్ళు సంఘంలో నోరు మూసుకోవాలని చెప్పేవాళ్ళకీ కూడా ఇదే కొలత పెట్టి చూడండి, చాలా ఉపన్యాసాలు పొట్టివైపోతాయి.

"ఇదంతా ఫ్యాక్టరీ వాళ్ళ తలనొప్పి, మనకేంటి" అనుకుంటున్నారా? 2018లో గూగుల్లో మావెన్ ప్రాజెక్టు గొడవ గుర్తుందిగా. డ్రోన్లు తీసిన వీడియోల్ని అమెరికా సైన్యం కోసం విశ్లేషించే పని. వేలమంది ఉద్యోగులు వద్దని సంతకాలు పెట్టారు. కంపెనీ ఆ కాంట్రాక్టు కొనసాగించమంది, ఆయుధాలకి ఏఐ ఇవ్వమని సూత్రాలు రాసుకుంది. 2025 ఫిబ్రవరిలో ఆ సూత్రాల్లోంచి ఆయుధాల మాట తీసేసింది. అంటే కత్తా, కర్రా అన్న ప్రశ్న ఫిట్టర్ బెంచీ మీద ఎంత ఉందో మన కీబోర్డు మీదా అంతే ఉంది. కాకపోతే ఫిట్టరుకి తన చేతిలో ఉన్నదేమిటో కనిపిస్తుంది. మన మాడ్యూలు చివరికి ఎక్కడ తేలుతుందో మనలో చాలామందికి తెలీదు. క్షిపణి ఫ్యాక్టరీ కుర్రాడికి యెషయా వినిపించే ముందు మన క్లయింటు ఎవరో ఒకసారి చూసుకోవడం మర్యాద.

మరి నీ అభిప్రాయమేమిటి అంటారా? చెబుతాను, గీత గీసే చెబుతాను. యెషయా, మీకా చూపించింది చేరాల్సిన ఊరు అని నా నమ్మకం. యోవేలు మాట ఆజ్ఞ కాదు, యుద్ధానికి ఎగబడే జనాలతో "రండి, మీ కఱ్ఱులు కూడా కత్తులు చేసుకుని రండి, చూద్దాం" అన్న వెటకారపు సవాలు అని కొందరు పండితులు అంటారు. నేను కూడా అలానే చదువుతాను. అంటే ప్రయాణం కత్తి నుంచి కర్రు వైపే, వెనక్కి కాదు. ఇది నేను చదివిన తీరు. ఆ ఊరు ఇంకా రానప్పుడు, దారిలో ఉన్న ఒక ఇంటికి జీతం రావాలా వద్దా అన్నది వాక్యం నా చేతికిచ్చిన తీర్పు కాదు. ఆ కుర్రాడికి నేను ఇవ్వగలిగింది రెండే. మొత్తం పేజీ చూపించడం, వాడు ఏది ఎంచుకున్నా ఆదివారం వాడి పక్కన కూర్చోవడం. ఇక్రిశాట్‌లో పొలం పనికి కూడా అప్లై చెయ్యరా అని ఫారం దొరికితే తెచ్చివ్వడం మూడోది కావచ్చు :)

మీరు ఒప్పుకోకపోతే మంచిదే, వాదించండి. ఒకటే కోరిక. "దేవుడు ఇలా అన్నాడు" అని మొదలుపెట్టే ముందు, "నేను ఇలా చదివాను" అని ఒక్క మాట జోడించండి. వాక్యం బలం దానివల్ల తగ్గదు. మన గొంతు మాత్రం కాస్త తగ్గుతుంది. ఎదుటివాడికి నోరు తెరిచే సందు దొరికేది అప్పుడే.